చిన్నాయన అరిస్తే మగ్గం వేయాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో భయానికి ఒక స్విచ్చి ఉండేది. గోడకు చెక్కపలక, పలక మీద నల్లటి డబ్బా, డబ్బాకు పక్కగా ఇనప పిడి. పిడి లాగితే మరమగ్గం తిరిగేది. మగ్గం తిరిగితే మా చిన్నాయన అరుపులు వీధిలోకి వినపడేవి కావు. బడి నుంచి వచ్చాక ఆ పిడి పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేవాణ్ణి కాబట్టి, దాన్ని లాగే పని కూడా నా మీదే పడింది.

కథలోకి పోయే ముందు నా గుణం ఒకటి చెప్పుకోవాలి. నేను పెంచి చెబుతాను. "తాత చెప్పింది విన్నాక సగం కోసెయ్యాల" అని మా మనవరాలు నేను వింటుండగానే అందరితో అంటుంది. ఆ పిల్ల అబద్ధమాడదు. అందుకని ఈసారి పెంచిన చోటల్లా నేనే కోసేస్తాను, మీకు ఆ శ్రమ ఉండదు.

మా ఇల్లు బెంగళూరు పేటలో, నేతగాళ్ళ సందులో. ఆ సందులో వంద మగ్గాలుండేవి. ఆ మోతకు కాకులు మా కప్పుల మీద వాలేవి కావు. పుట్టిన బిడ్డ ఏడిస్తే ఏడుపు కూడా టకటకమని వినపడేది. సరే, వంద లేవు. పాతిక ఉంటాయేమో. కాకులు హాయిగా వాలేవి. కానీ మోత మాత్రం నిజం. మాట వినపడదు కాబట్టి మా సందులో అందరికీ చేతి సైగలు అలవాటు. అన్నానికి రమ్మనడానికి ఒకటి, చీరలు కొనే సావుకారు వస్తున్నాడని చెప్పడానికి ఒకటి. చేయి పైకెత్తి పిడికిలి బిగిస్తే మగ్గం వేయమని. అరచేయి చాచి మెల్లగా కిందికి దించితే ఆపమని. చిన్న పిల్లలకు కూడా మాటలకంటే ముందు ఇవే వచ్చేవి. ఇది పెంచింది కాదు.

మేము నేసేది పెళ్లి చీరలు. మా తాత, మా నాయన, మా చిన్నాయన ముగ్గురూ అదే పని. అందరిలోకీ చిన్నాయన చేయి మంచిది. మగ్గం తిరుగుతుండగానే తెగిన పోగును పట్టి ముడి వేసేవాడు, ముడి ఎక్కడుందో మా అవ్వ కూడా కనుక్కోలేకపోయేది. నాకు బొంగరం చెక్కి ఇచ్చింది ఆయనే. ఈల వేస్తే మగ్గం చప్పుడుకు తాళం కుదిరేది. అటువంటి మనిషి ఒక ఏడు వానాకాలంలో ఈల మానేశాడు. తర్వాత స్నానం మానేశాడు. చెవులకు తువ్వాలు చుట్టుకుని, నూలు పెట్టుకునే చిన్న గదిలో మూలకు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరితోనో వాదిస్తున్నట్టు పెదవులు కదిలేవి. కొన్నాళ్ళకు ఆ వాదన అరుపయింది.

మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు పేరు నోట రాలేదు. 'వాడికి బాగలేదు' అని కూడా అనలేదు. ఎవరో ఏదో పెట్టించారని మగ్గానికి నిమ్మకాయలు కట్టారు. తాయెత్తు కట్టారు. అన్నిటికంటే ముందు చేసింది మాత్రం దాచడం. పిచ్చి ఉన్న ఇంట్లో నేసిన చీర పెళ్లికూతురు కట్టుకోకూడదని జనం అనుకుంటారని మా తాతకు భయం. ఒక్క సావుకారు చెవిన పడితే ఇంట్లో మగ్గాలు రెండూ ఆగిపోతాయి. అందుకే చిన్నాయన గొంతు లేవగానే అవ్వ పొయ్యి దగ్గర నుంచే పిడికిలి బిగించి చేయి పైకెత్తేది. నేను పిడి లాగేవాణ్ణి. మగ్గం లేచి ఆ గొంతును మింగేసేది.

ఇందులో నాకొక గొప్ప కూడా ఉండేది. నేను పిడి లాగిన కాసేపటికి ఎదురింటి మగ్గం మొదలయ్యేది. ఆ వెనక దాని పక్కింటిది, ఆ పక్కది. సందు మొత్తం మోగేది. ఇదంతా నా చేతిలోనే ఉందని నమ్మాను. "మా సందును నడిపేది నేనే" అని బడిలో చెప్పుకున్నాను కూడా. ఎందుకలా మోగుతుందో ఆలోచించే వయసు కాదు.

గొప్ప పగటిపూట ఉండేది. భయం ఎప్పుడూ ఉండేది. పిడి లాగిన తర్వాత కూడా ఆ గది తలుపు వైపు చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. మోతలో అరుపు వినపడదు, తలుపు సందులోంచి తెరిచిన నోరు మాత్రం కనపడుతుంది. చప్పుడు లేకుండా అరిచే నోరు ఎంత భయంకరంగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. చూపంతా అటే ఉండి చేతిలో దారం తెగిపోయేది. దారం తెంపినందుకు నాయన చేతిలో మొట్టికాయ పడేది. భయపడ్డానని చెప్పుకోవడానికి లేదు, ఎందుకంటే మా ఇంట్లో భయపడవలసింది ఏమీ లేదు కదా.

ఒకరోజు ఆయన గదిలోంచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను చూసుకోలేదు. రెండు అరచేతులతో నా చెవులు మూసి గట్టిగా నొక్కి పట్టాడు. తల తిప్పనివ్వలేదు. ఆయన గోళ్ళు నా చెంపల్లో దిగుతున్నాయి. వెనక నుంచి వేడి ఊపిరి తగులుతోంది. ఏదో చెబుతున్నాడు, చెవులు మూసి ఉన్నాయి, వినపడదు. నేను ఆ చేతులు మెలిపెట్టి, ఎగిరి అవతలకు దూకి, "ఏం చిన్నాయనా" అని గద్దించాను. ఇది కోసేస్తున్నాను. నేను కదల్లేదు. నిక్కరు తడిసింది. అవ్వ వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తీసుకుపోయేదాకా అలాగే రాయిలాగా కూర్చున్నాను.

ఆ తర్వాత మొదలైంది అసలు భయం. రాత్రి మగ్గాలన్నీ ఆగిపోయాక పడుకుంటే నా చెవుల్లో మగ్గం తిరుగుతూనే ఉండేది. టకటక, టకటక. దిండులో చెవి పెట్టినా అదే. లేని చప్పుడు నాకు వినపడుతోంది. చిన్నాయనకు కూడా లేనివే వినపడతాయని పెద్దవాళ్ళు గుసగుసలాడుకోవడం విన్నాను. ఆయన చేతుల్లోంచి నా చెవుల్లోకి అది వచ్చేసిందని నాకు అర్థమైపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఎందుకంటే అప్పటికే మా తాత ఒక నిర్ణయానికి వచ్చాడు.

సర్జాపుర దాటి ఎక్కడో ఒక పల్లె బయట ఎవరో ఉన్నాడట. ఇటువంటివాళ్ళను గుంజకు గొలుసుతో కట్టేస్తాడట. లోపలిది వదిలిపోయేదాకా గొలుసు విప్పడట. "సోమారం మొదటి బస్సుకు తీస్కపోతా. ఇంక నాతో అయ్యేది లే" అని తాత అవ్వతో అంటుంటే విన్నాను. ఆ మాట అని ఆయన తువ్వాలులో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. మా తాత చెడ్డవాడు కాడు. ఆయనకు ఇంకో దారి కనపడలేదు. సోమవారం చిన్నాయనకు గొలుసు. నా సంగతి బయటపడితే ఆ పక్క గుంజ నాకు. చెవుల్లో దూది పెట్టుకుని బడికి పోవడం మొదలుపెట్టాను.

ఇక పక్కింటి అక్క సంగతి. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ నాన్న చర్చిలో పనిచేసేవాడు, ఆ అక్క నర్సు చదువు అప్పుడే ముగించి ఒక ఆసుపత్రిలో చేరింది. మా సందులో నేయనివాళ్ళ ఇల్లు అదొక్కటే, సైగలు రానివాళ్ళు కూడా వాళ్ళే. ఆమె తెల్లచీర కట్టుకుని డ్యూటీకి పోతుంటే పిల్లలం దూరంగా జరిగేవాళ్ళం, సూది వేస్తుందేమోనని. ఆ ఏడు అక్క మా ఇంటికి ఒకటి రెండుసార్లు వచ్చి, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అమ్మమ్మగారూ?" అని అడిగింది. "అందరూ బాగుండారు తల్లీ" అని అవ్వ చేతిలో వెల్లుల్లి ఆపకుండా ఒలుస్తూ చెప్పింది.

తాత చెప్పిన సోమవారానికి ముందు, ఒక సాయంత్రం. నాయన చీరలు ఇచ్చి రావడానికి పోయాడు. తాత ఒక మగ్గం దగ్గర, నేను కండెల దగ్గర. చిన్నాయన గొంతు లేచింది. అవ్వ చేయి లేచింది. నేను పిడి లాగాను. మా రెండో మగ్గం లేచింది, ఎదురింటిది లేచింది, సందు లేచింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఒక్కసారిగా అన్నీ ఆగాయి. నాకు తెలిసి ఆ సందులో పగటిపూట అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. ఎవరింట్లోనో గిన్నె దొర్లిన చప్పుడు కూడా వినపడింది. ఆ నిశ్శబ్దం మధ్యలో మా చిన్నాయన గొంతు నిలువునా, ఏ అడ్డూ లేకుండా, సందు ఈ చివర నుంచి ఆ చివరికి వినపడింది. అన్ని నెలల్లో ఆయన ఏమని అరుస్తున్నాడో నేను విన్నది అదే మొదటిసారి.

"ఆపండప్పా! మొక్కుతా మీకు! ఆ మగ్గం ఆపండప్పా!"

ఇందులో కోసేది ఏమీ లేదు. అవే మాటలు. ఆయన అరిచినప్పుడల్లా అదే అడిగాడు. ఆయన అడిగినప్పుడల్లా మేము మగ్గం వేశాం. పెద్దవాళ్ళు ఎప్పుడైనా విన్నారేమో నాకు తెలియదు. విన్నా, పిచ్చి మాటకు అర్థం ఉండదని అనుకుని ఉంటారు.

నా చేయి ఇంకా పిడి మీదే ఉంది. తాత మగ్గం మీద వాలిపోయాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. బయట అరుగుల మీదికి జనం వచ్చిన చప్పుడు వినపడుతోంది, అందరూ విన్నారు, ఇంక మన పని అయిపోయింది అనుకున్నాను. చిన్నాయన మాత్రం ఇంకో రెండుసార్లు అరిచి, ఆగాడు. చెవులకున్న తువ్వాలు తీశాడు. తల అటూ ఇటూ తిప్పి విన్నాడు. గది గడప దాటి వచ్చి, కొత్త ఇంటికి వచ్చినవాడిలాగా చుట్టూ చూసి, "నీళ్ళుండాయా?" అని మామూలు గొంతుతో అడిగాడు.

నీళ్ళిచ్చింది అవ్వ కాదు. వాకిట్లో నిలబడిన పక్కింటి అక్క లోపలికి వచ్చి, కుండలోంచి ముంచి ఇచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. అయినా ఆయనకు కొంచెం దూరంలో నేల మీదే కూర్చుంది.

"మగ్గం చప్పుడులో మీకేదో వినపడుతుందా అన్నయ్యా?" అంది.

"అడగొద్దు తల్లీ!" అని అవ్వ అడ్డం వచ్చింది. "అడిగితే అది ఇంకా ఎక్కువైతాది!"

"అడగకపోతే తగ్గిందా అమ్మమ్మగారూ?" అని మెల్లగా అని, అక్క మళ్ళీ చిన్నాయన వైపు తిరిగింది. "చెప్పండి. ఏమని వినపడుతుంది?"

ఆయన చెంబు కింద పెట్టాడు. "పోగు మోసే నాడె అట్ల పోయేటప్పుడు నా పేరు అంటాది. ఇట్ల వచ్చేటప్పుడు, నువ్వు ఉండగూడదు అంటాది. పొద్దంతా ఇదే. వీడికి గూడా ఇనపడతాదేమోనని ఒకనాడు వీడి చెవులు మూస్తి. బెదిరిపోయినాడు, పాపం."

వీడు అంటే నేను. నా చెంపల మీద గోళ్ళ గాట్లు అప్పటికి మానిపోయాయి.

"నువ్వు ఉండగూడదు అంటే..." అక్క కొంచెం ముందుకు జరిగింది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అన్నయ్యా?"

మా ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటారని నేను కలలో కూడా అనుకోలేదు. కప్పు కూలుతుందని చూశాను. చిన్నాయన కోప్పడలేదు, ఏడవలేదు. ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న మూటను ఎవరో ఒక చేయి వేసి పట్టుకున్నట్టు ఆయన భుజాలు దిగాయి. "అనిపిస్తాదమ్మా. నేను పోవాలని కాదు. అది ఆగిపోవాలని."

తాత గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. దాని గురించి నేనిప్పుడు కూడా రాయలేను.

అప్పుడు అక్కకు ఒకటి తట్టింది. స్విచ్చి డబ్బా వైపు చూసి, "కరెంటు వస్తే ఏమవుతుంది?" అని నన్నడిగింది. మా సందులో కరెంటు పోతే ఎవరూ పిడి వెనక్కి లాగరు. రాగానే మోటార్లు వాటంతట అవే లేస్తాయి, మళ్ళీ లేచి స్విచ్చి వేసే పని ఉండదు. అంటే ఏ నిమిషంలోనైనా సందులో మగ్గాలన్నీ ఒక్కపెట్టున లేస్తాయి. చచ్చిపోవాలనిపిస్తోందని మొదటిసారి నోరు తెరిచి చెప్పిన మనిషి తల మీద. నేను మా పిడి వెనక్కి లాగాను. తాత తన మగ్గం పిడి లాగాడు. మిగతా సందు?

"పరిగెత్తరా నాన్నా," అంది అక్క. "అందరికీ చెప్పు. మా చిన్నాయనకు బాగోలేదు, మగ్గాలు ఆపేయమని చెప్పు."

నేను బాణంలాగా దూసుకుపోయి, ఇంటింటికీ తిరిగి, గొంతెత్తి చెప్పి, సందు మొత్తాన్ని ఆపేశాను. ఈ ముక్కను మా పిల్లలకు ఇలాగే చెబుతూ వచ్చాను. ఇప్పుడు కోసేస్తున్నాను. వాకిలి దాటేసరికే అరుగుల మీద అందరూ నన్నే చూస్తున్నారు. మా ఇంటి రహస్యాన్ని నా నోటితో చెప్పాలి. ఎదురింటి మామ అరుగు దాకా ఎలాగో పోయాను. "మా చిన్నాయనకు..." అన్నాను. మిగతాది ఏడుపయింది.

ఆ మామ ముతక మనిషి, మమ్మల్ని ఎప్పుడూ కసురుకునేవాడు. నన్ను దగ్గరకు లాక్కున్నాడు. "బాగలేదు. మాకు తెల్దా అప్పా? మీ మగ్గం లేస్తానే మేమూ లేపుతా ఉంటిమి గదా. బయటోళ్ళకు ఇనపడగూడదని. మీ ఇంటి మర్యాద పోగూడదని."

నేను నడిపాననుకున్న సందు. నా మీద జాలితో మోగిన సందు.

"అది కాదు మామా," అన్నాను వెక్కిళ్ళ మధ్య. "ఆయన ఆపమంటాండాడు."

మామ నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు. తర్వాత లోపలికి పోయి తన పిడి వెనక్కి లాగి వచ్చాడు. అరుగు అంచున నిలబడి, చేయి ముందుకు చాచి అరచేయి మెల్లగా కిందికి దించాడు. అది చూసి పక్క అరుగు మీది ముసలామె చేయి దించింది. ఆమెను చూసి అవతలి ఇంటివాళ్ళు. ఆ సైగ అరుగు నుంచి అరుగుకు పాకి సందు మలుపు దాటి పోవడం నేను చూశాను. లోపల పిడులు వెనక్కి పడుతున్న చప్పుడు, టక్, టక్, దూరమవుతూ పోయింది.

కరెంటు వచ్చింది. ఇళ్ళల్లో బుడ్డి బల్బులు వెలిగాయి. ఒక్క మగ్గం లేవలేదు. వెలుగుతున్న సందు, చప్పుడు లేకుండా. మా చిన్నాయన వాకిట్లోకి వచ్చి నిలబడి ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు. ఎవరూ కళ్ళు తిప్పుకోలేదు. "భోంచేస్తివా అప్పా?" అని మామ ఎదురరుగు మీద నుంచి అడిగాడు. "ఇంకా లే" అన్నాడు చిన్నాయన.

సోమవారం మా తాత బస్సెక్కాడు, కానీ సర్జాపుర బస్సు కాదు. ఊళ్ళోనే ఉన్న పెద్ద మానసిక ఆసుపత్రికి పోయే సిటీ బస్సు. అక్క చదువుకునేటప్పుడు కొన్ని నెలలు అక్కడ పని నేర్చుకుందట. ఆ ఆసుపత్రి పేరును మేము బడిలో తిట్టుగా వాడేవాళ్ళం. అక్కడ కూడా గొలుసులుంటాయనే నా భయం. చిన్నాయన, అవ్వ, అక్కలతో పాటు నన్ను కూడా తీసుకుపోయారు, ఇంట్లో ఉండనని గోల పెట్టానని. గేటు దగ్గర నుంచి అవ్వ కొంగు వదల్లేదు. లోపల చెట్లు, వరండాలో క్యారం ఆడుతున్న ఇద్దరు, పొయ్యి మీద గంజి కాస్తున్న ఎవరి అమ్మో. రోగితో పాటు ఇంటివాళ్ళు ఒకరు ఉండాలని అక్కడి పద్ధతి. అవ్వ ఉండిపోయింది. డాక్టరు చెప్పినది తాతకు సగమే అర్థమయింది. ఇది జబ్బేననీ, మందులున్నాయనీ, ఎవరూ పెట్టించింది కాదనీ, ఎవరి తప్పూ కాదనీ. ఆ చివరి మాట తాత రెండోసారి చెప్పించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో అక్క నా పక్కన కూర్చుని, "చెవుల్లో దూది ఎందుకురా?" అని అడిగింది. ఇంక దాచలేకపోయాను. రాత్రిళ్ళు మగ్గం వినపడుతోందని, నాకు కూడా వచ్చేసిందని చెప్పి, గొలుసులు వేయించవద్దని ఆమె చేయి పట్టుకున్నాను. అక్క నవ్వలేదు. అది మాట్లాడుతుందా, పేరు పెట్టి పిలుస్తుందా, ఏదైనా చేయమంటుందా అని ఓపికగా అడిగింది. ఊరికే టకటకమంటుందని చెప్పాను. "పొద్దంతా ఆ మోతలో ఉన్న చెవులురా. నడిచి నడిచి కాళ్ళు లాగినట్టు, అవి కూడా లాగుతున్నాయి. అంతే" అంది.

నేను ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో మాట అంది. "ఒకవేళ అదే అయిందనుకో. ఏం చేస్తాం? ఇదే బస్సెక్కి ఇక్కడికే వస్తాం. నీ పక్కన అమ్మమ్మ ఉంటుంది, నేను కూడా వస్తాను."

నాకు రాలేదన్న మాటకంటే, వచ్చినా దారి ఉందన్న మాట నన్ను ఎక్కువగా నిద్రపుచ్చింది. ఆ రాత్రి దూది తీసేశాను. చెవుల్లో మగ్గం తిరుగుతూనే ఉంది. తిరగనీ అనుకున్నాను.

చిన్నాయన పూర్తిగా బాగై ఈల వేసుకుంటూ తిరిగి వచ్చాడని చెప్పాలని ఉంది. అలా రాలేదు. కొన్ని వారాలకు వచ్చాడు, కొంచెం లావెక్కి, కొంచెం నిదానంగా. ఒకసారి మందులు మానేశాడు, మళ్ళీ వాదన మొదలైంది, మళ్ళీ అదే బస్సు. ఒక సావుకారు మా ఇంటికి రావడం మానేశాడు కూడా. తాత భయం పూర్తిగా ఉత్తది కాదు. అయితే ఎదురింటి మామ తన దగ్గరున్న పనిలో కొంత మాకు మళ్ళించాడు, అడగకుండానే. చిన్నాయన మగ్గం జోలికి పోలేదు. పాత పడుగుకు కొత్త పడుగు అతికే పని చూసుకున్నాడు. చప్పుడు లేని పని, ఒక్కో పోగునూ వేళ్ళతో మెలిపెట్టి కలపడం. మందులకు చేతులు కొంచెం వణికేవి. "వణుకుతో మెలి బాగా పడతాదిలేరా" అని తనే నవ్వేవాడు. ముసలివాడై, నా పెద్ద కొడుకు పెళ్లి భోజనం తిని, ఆ తర్వాతే పోయాడు. ఈల మాత్రం మళ్ళీ వినలేదు. ఒక్కసారి విన్నాననుకుంటాను, కానీ ఈ సంగతిలో నన్ను నేనే నమ్మను.

ఇప్పుడు నేను మహదేవపురలో, మా కూతురి ఫ్లాటులో ఉంటున్నాను. నా మాటలో సగం కోసే మనవరాలు ఇక్కడే. మొన్నటి వేసవిలో ఆ పిల్ల నవ్వడం మానేసింది. ఆఫీసు పని గదిలోనే, అన్నం గదిలోనే, ఆ తర్వాత అన్నం కూడా లేదు. తలుపు వెనక నుంచి ఏడుపు వినపడేది. వినపడినప్పుడల్లా మా అల్లుడు టీవీ సౌండు పెంచేవాడు. మా కూతురు మిక్సీ వేసేది, రుబ్బడానికి ఏమీ లేకపోయినా. పాపం, వాళ్ళకు తెలిసి చేసింది కాదు. నాకు మాత్రం ఆ ఇనప పిడి మళ్ళీ అరచేతికి తగిలింది.

లేచి, అల్లుడి వైపు చేయి చాచి, అరచేయి కిందికి దించాను. అతనికి ఆ సైగ రాదు. "ఏం మామయ్యా, మంచినీళ్ళా?" అన్నాడు. నేనే పోయి టీవీ ఆపాను. మిక్సీ తీగ పీకేశాను. మనవరాలి గది తలుపు పక్కన నేల మీద కూర్చున్నాను. ధైర్యంగా, గంభీరంగా... అదీ అబద్ధమే. అడిగితే ఎక్కువైతాదేమోనన్న అవ్వ భయం ఈ వయసులో నాకే పట్టుకుంది. అయినా అడిగాను. "మనసు లోపల ఏమి చెప్తాండాదమ్మా నీకు?" అని. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల చెప్పింది విన్నాను, సగం కోయకుండా మొత్తం. అక్క అడిగిన ఆ కష్టమైన ప్రశ్న కూడా అడిగాను. మర్నాడు ఆ పిల్ల, వాళ్ళమ్మ, నేను ముగ్గురం కలిసి డాక్టరు దగ్గరికి పోయాం. బస్సు కాదు, క్యాబు. దారిలో ఆ పిల్ల నా చేయి చూసి, "తాతా, నీ చేయి వణుకుతా ఉంది" అంది. "వణుకుతో పట్టు బాగా కుదురుతాదిలే" అన్నాను. ఇప్పటికీ పోతూనే ఉన్నాం. కొన్నిరోజులు అన్నం తింటుంది, కొన్నిరోజులు తినదు. నిన్న నా కథ ఒకటి విని, సగం కోసింది.

భయం నన్ను వదల్లేదు, వదులుతుందని కూడా అనుకోను. ఆ సాయంత్రం నుంచి నాతో వచ్చింది ఒక అలవాటు మాత్రమే. ఇంట్లో ఎవరి గొంతైనా పగిలినట్టు వినపడితే, ముందు లేచి చప్పుడు చేసేవన్నీ ఆపుతాను. మా చిన్నాయనకు కరెంటు పోయి మేలు చేసింది. ఈ ఫ్లాట్లలో ఆ ఆశ కూడా లేదు. కరెంటు పోయిన మరుక్షణం కింద జనరేటరు అందుకుంటుంది. ఇక్కడ నిశ్శబ్దం దానంతట అది రాదు. ఎవరో ఒకరు లేచి పోయి ఆపాలి.